మూడో డెక్కు వంత

రోజు 9

ఇక్కడ నా ఉద్యోగం నీళ్ళ పంపకంతో మొదలవుతుంది. మనిషికి రోజుకు పదకొండు లీటర్లు. తాగడానికీ అవే, తలంటుకోవడానికీ అవే. మూడో డెక్కు మీద ఇరవై ఆరుమంది పిల్లలున్నారు. తెలుగువాళ్ళు తొమ్మిదిమంది, తక్కినవాళ్ళు జార్జియా నుంచి, పెరూ కొండల నుంచి, కెన్యా నుంచి. నేను వాళ్ళ వార్డెన్ని. పేరు వకుళ, వయసు యాభై మూడు. ఇరవై ఏళ్ళు లెక్చరర్‌గా చేశాను, అందులో పద్నాలుగేళ్ళు యూనియన్ కార్యదర్శిని. చివరికి కాలేజీయే మూతపడింది, ఇదిగో ఇలా తేలాను.

బ్రోచర్‌లో "అంతర్జాతీయ విద్యార్థి వినిమయం: సృజన యంత్రాలతో వంద రోజులు" అని ఉంటుంది. నేల మీద ఇన్ని ఖాళీ కాలేజీలు గబ్బిలాలు పట్టి పడి ఉంటే సముద్రం మధ్య ఓడలో బడేమిటయ్యా అని చేరిన రోజే అడిగాను. ఇక్కడ గాలి బాగుంటుందన్నారు. గాలి కాదు, ఇక్కడ ఏ దేశం చట్టమూ వర్తించదు. ఒక పిల్ల పాడిన పాట ఎవరి సొత్తని అడగడానికి కోర్టు లేదు. అదీ వాళ్ళకు కావలసిన గాలి.

ప్రతి విద్యార్థికీ టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఇస్తారు. దాని పేరు తోడు. పిల్లలు దానికి కథ చెబుతారు, బొమ్మ గీసి చూపిస్తారు, పాట పాడతారు. వాటితో కొత్తవి ఎలా చేయించాలో దాని దగ్గరే నేర్చుకుంటారు. సాయంత్రానికి అది ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెను ముందెరుక అంటారు. మీరు మొదటి మాట అనగానే తర్వాత ఏమంటారో తోడు లోపల రాసిపెట్టుకుంటుంది. మీరు చెప్పడం అయ్యాక రెండూ పోల్చి చూస్తుంది. నూటికి ఎంత సరిపోయిందో అదే మీ ముందెరుక. ఎనభై దాటితే మీ దగ్గర దానికి నేర్చుకునేదేం మిగల్లేదన్నమాట. మర్నాడే పడవెక్కించి ఇంటికి పంపేస్తారు. నేర్చుకోవడానికి పిల్లలు వచ్చారా, యంత్రం వచ్చిందా? ఈ ప్రశ్న మొదటి వారం మీటింగులో అడిగాను. మినిట్స్‌లో "వార్డెన్ నీటి సమస్య ప్రస్తావించారు" అని రాసుకున్నారు.

సాయంత్రం నాలుగింటికి మాట్లాడే గోడ ముందు నిలబడి రోజు నివేదిక చెప్పాలి. అక్కడ చెప్పేది వాళ్ళ కోసం. ఈ కాగితం నోటుబుక్కు నా కోసం.

ఇవాళ బమ్మిడి పైడితల్లి మంచం మార్చాను, పైనుంచి నీళ్ళు కారుతుంటే. సముద్రం ముందుకొచ్చి మింగగా మిగిలిన శ్రీకాకుళం తీరం నుంచి వచ్చింది, పందొమ్మిదేళ్ళు. జముకుల కథ చెబుతుంది. జముకు అంటే చంకలో ఇరికించుకుని తీగ లాగి వాయించే చిన్న వాద్యం. ముగ్గురు కూర్చుంటారు: కథ చెప్పే మనిషి, జముకు వాయించే మనిషి, పక్కన మాటా పాటా అందుకునే వంత. వీళ్ళింట్లో పైడి కథ చెబుతుంది, మామ జముకు వాయిస్తాడు, చిన్నమ్మ అప్పలనరసమ్మ వంత.

నాలుగేళ్ళుగా వీళ్ళకు వేదిక లేదు. వేదిక కార్డు లేనివాళ్ళు జనం ముందు కథ చెప్పకూడదు. అది యంత్రం కథో మనిషి కథో తేల్చడం కష్టమని సర్కారు పెట్టిన నియమం. ఈ ఓడ మీద వంద రోజులు ఎనభై దాటకుండా నిలబడితే ఆ కార్డు ఇస్తారు. ఒక్కరికి ఉన్నా చాలు, ముగ్గురూ కూర్చోవచ్చు. కుటుంబానికి ఒకేసారి అవకాశం.

"మా సిన్నమ్మ ఓడ దాకా వచ్చి ఏటన్నాదో తెల్సా మేడమ్?" అంది పైడి, పరుపు చుట్టుకుంటూ. "కార్డు తేకపోతే తేకపోనావు, గొంతు మాత్రం ఆల్లకిచ్చేసి రాకు అన్నాది."

ఆ అమ్మాయి అంకె నలభై ఒకటి.

రోజు 23

నీనోను పంపేశారు. జార్జియా పిల్ల, బొమ్మలు గీసేది. నిన్న సాయంత్రం ఎనభై ఒకటి వచ్చింది. పొద్దున తలుపు మీద "శిక్షణ సంపూర్ణం, అభినందనలు" అని వెలిగింది. పువ్వుల బొమ్మ కూడా వేశారు. బయటికి నెడుతూ పువ్వులేమిటి? దుప్పట్లు మడతపెడుతూ ఆ పిల్ల ఏడుస్తుంటే నా వంతు నీళ్ళలోంచి ఒక సీసా ఇచ్చాను.

పైడి అంకె యాభై ఎనిమిది. రెండు వారాల్లో పదిహేడు పెరిగింది. అడిగితే పెట్టె వైపు విసురుగా చెయ్యి చూపించింది.

"ఈడు నాతో గొడవాడడు మేడమ్. ఏటి సెప్పినా 'ఆహా, ఎంత బాగుందో' అంతాడు. తర్వాతేటి తర్వాతేటి అంతాడు. మా సిన్నమ్మయితే నడి కతలో 'ఒలే, అబద్దాలాడకే' అని మొకం మీదే అనేస్తాది. అప్పుడు నాకు ఒల్లు మండుతాది, కత ఎటో ఎల్లిపోతాది. ఈడితో కత తిన్నగా రోడ్డు మీద బస్సులాగెల్తంది."

బస్సు ఎక్కడికి వెళ్తుందో ఎవరికైనా తెలుస్తుంది. యంత్రానికి తెలియకుండా ఉంటుందా!

రోజు 31

లాండ్రీ నాడు. ఆరబెట్టే యంత్రాలు నాలుగూ ఒకేసారి తిరుగుతుంటే ఆ గదిలో గట్టిగా అరిస్తే తప్ప మాట వినపడదు, గోడల చెవికి అసలే అందదు. నేను దుప్పట్లు మడుస్తున్నాను. పైడి ఒక మూల కూర్చుని కథ గట్టిగా చెప్పుకుంటోంది. అంకె అరవై తొమ్మిది, మొహం పీక్కుపోయింది.

ఉప్పుమడుల నీలమ్మ కథ. ఉప్పు మీద పన్ను ఎందుకో రాజునే అడుగుదామని నీలమ్మ గంపెడు ఉప్పు తలమీద పెట్టుకుని కోటకు బయల్దేరుతుంది. పైడి గొంతు బాగుంది. పాట బాగుంది. కానీ నాకు చిరాకేసింది. నోరు కట్టుకుని ఉండటం నాకు చేతకాదు.

"గంప ఎవరెత్తారు?" అన్నాను.

"ఆఁ?"

"గంపెడు ఉప్పంటే ముప్పై కిలోలు. ఒంటరి ఆడది తనంతట తను తలకెత్తుకోలేదు, ఇంకో మనిషి చెయ్యి వేయాలి. ఆ చెయ్యి ఎవరిది? మీ కథల్లో ఇదే గొడవ. వీరనారి ఒక్కతే బయల్దేరుతుంది, వెనక చాకిరీ చేసినవాళ్ళు గాల్లో కలిసిపోతారు."

పైడి నన్ను తినేసేలా చూసింది. "పొద్దల్లా ఉప్పుమడుల్లో పనిసేసినోల్లకి తెల్దేటి మేడమ్? గట్టు మీద పెట్టుకుని ఒంగి ఎత్తుకుంతారు!"

"మరి దారిలో దాహం వేస్తే? దించిన గంప ఎలా ఎత్తుకుంది?"

 పైడి ఒక్కసారి తొడ మీద చరుచుకుని కథ ఎత్తుకుంది. కోట గుమ్మం దగ్గర కాపలావాడు నీలమ్మను ఆపి గంప దించమన్నాడు. దించింది. పో అన్నాడు. ఎత్తితే పోతానంది. రాజు ఉప్పు తినేవాడివే కదా, ఓ చెయ్యెయ్యమంది. గుమ్మానికి అడ్డంగా గంప. లోపలివాళ్ళు బయటికి రాలేరు, బయటివాళ్ళు లోపలికి పోలేరు. ఏనుగు ఆగింది, పల్లకీ ఆగింది. ముట్టుకుంటే పరువు పోతుందని రాజుగారి మనిషి ఒక్కడూ గంప ఎత్తడు.

నాకు దుప్పట్లు మడవడం గుర్తులేదు.

"మల్లీ అడుగు పెద్దమ్మా," అంది పైడి, ఊపిరి ఎగపోస్తూ. మేడమ్ అన్న పిలుపు ఎప్పుడు పోయిందో ఇద్దరం గమనించలేదు.

రోజు 32

పైడి అంకె యాభై రెండు.

నియమావళి పద్నాలుగో పేజీ: బయటి మనిషి సాయం తీసుకున్న విద్యార్థి అనర్హులు. తోడు ఒక్కటే తోడు. బాగా తెలిసే రాశారు. పక్కన మనిషి ఉంటే పిల్లలు యంత్రానికి అందకుండా పోతారు.

గోడ ముందు నిలబడి "దుప్పట్లు ముప్పై ఆరు, చిరిగినవి రెండు, విశేషాలు లేవు" అని చెప్పాను. పద్నాలుగేళ్ళు మేనేజ్‌మెంట్ అబద్ధాల మీద కరపత్రాలు రాసిన మనిషిని. నా అబద్ధం ఇంత సాఫీగా వస్తుందనుకోలేదు.

రోజు 47

రెండ్రోజులకోసారి లాండ్రీ. ఉన్న పిల్లలకు అంత ఉతుకుడు అవసరం లేదు, ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతుకుతున్నాను. నడుం విరుగుతోంది.

వంత పాడటం అంటే రాజకీయాల్లో తలూపడం. నేనూ అలాగే వాడాను, ఎంతమంది నాయకుల మీదో. అసలు వంత పని తలూపడం కాదని ఈ పిల్ల నేర్పింది. కథ చెప్పే మనిషిని ఇరుకున పెట్టాలి, వెక్కిరించాలి, వినేవాళ్ళ అనుమానం తన నోటితో అడగాలి. మొదట్లో ఎక్కడ ఆపాలో నాకు తెలిసేది కాదు.

"పెద్దమ్మా, నువ్వు ఉపన్యాసం ఇస్తన్నావు," అంటుంది పైడి. "ప్రశ్న చిన్నగుండాల. సూదిలాగుండాల. నువ్వు గునపం ఎట్టుకొస్తన్నావు."

"పన్ను గురించి మాట్లాడితే గునపమే కావాలి."

"ఆ గునపం తగిలి నీలమ్మే సచ్చిపోయేలాగుంది, ముందు దాన్ని బతకనీ."

చాలాకాలానికి నవ్వాను.

ఇవాళ సమన్వయాధికారి ప్రణీత్ దిగాడు. ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీ. నా వెనకే జెండా పట్టుకుని కలెక్టరేట్ దాకా నడిచాడు కూడా.

"మేడమ్, మీ తెలుగమ్మాయి అంకె ఒక్కసారి కిందికి దిగిపోయింది. ఎవ్వరికీ అలా దిగదు. ఎలా అంటారు?"

"చప్పిడి ఉప్మా తినీ తినీ పిల్లకు కోపం వచ్చి ఉంటుంది."

"మీరేం మారలేదు."

"నువ్వు మారావుగా, ఇద్దరికీ సరిపోయింది."

వాడు నవ్వాడు. తిరుగుతున్న ఆరబెట్టే యంత్రాల వంక చూశాడు, ఆరిపోయి ఉన్న దుప్పట్ల వంక చూశాడు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

రోజు 74

అంకె నలభై నాలుగు. ఇరవై ఆరుమందిలో పదకొండుమంది మిగిలారు. నీళ్ళ పంపకం తేలికైపోయింది. అలా తేలికవడం నాకు నచ్చలేదు.

రోజు 98

తుది ప్రదర్శన. ముగ్గురు న్యాయనిర్ణేతలు, పక్కన పెట్టె, వెనక వరసలో మేం వార్డెన్లం. నిన్నంతా పైడికి అన్నీ అప్పజెప్పించాను. లాండ్రీ మాట ఎత్తకు, నా వైపు చూడకు, ఎక్కడ నేర్చావంటే తోడు దగ్గర అను. నేను చెప్పనిది ఒక్కటే ఉంది. అలాంటిది ఒకటుంటుందని నాకు తెలియదు.

పైడి వేదికెక్కింది, కాళ్ళకు దండం పెట్టుకున్నట్టు నేలను తాకింది, గొంతెత్తింది.

"బమ్మిడోరి పిల్ల పైడితల్లి కత సెప్తంది. వంత వకుళ పెద్దమ్మ. యినండి."

అంతే. తర్వాత నీలమ్మ గంప దించింది, ఏనుగు ఆగింది, జపాన్ నిర్ణేత అనువాదం చెవిలో పెట్టుకుని మరీ పకపకా నవ్వాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

దిగి వచ్చాక చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయాను. "ఎందుకు చెప్పావే నా పేరు?"

తెల్లబోయింది. "అదేటి? వంత పేరు సెప్పకుండా కత ఎలగెత్తుకుంతాను? మాలో అలగ ఎవులూ ఎత్తుకోరు. అది దొంగతనం పెద్దమ్మా."

పద్నాలుగో పేజీ సంగతి తర్వాతగాని ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడింది. "సిన్నమ్మకేటి సెప్పాలి?" అంది, నాతో కాదు.

రోజు 99

ప్రణీత్ పిలిపించాడు. టీ ఇప్పించాడు, అసలు పాలతో.

"నిన్నటి కథకు పైడి అంకె ముప్పై ఎనిమిది. ఈ ఓడ చరిత్రలో అంత తక్కువ లేదు. ఈ అమ్మాయిని పంపేయడం నాకూ ఇష్టం లేదు మేడమ్. నియమం ఏమంటుంది? బయటి మనిషి సాయం కూడదంటుంది. మీరు బయటి మనిషి కాకపోతే?"

"మరి ఎవర్ని?"

"తోడులో భాగం. మీ గొంతు, మీరు ప్రశ్న వేసే పద్ధతి, యంత్రానికి ఇస్తున్నట్టు ఒక సంతకం. వెనకటి తేదీ వేసుకుందాం. అప్పుడు ఆ అమ్మాయి మనిషి సాయం తీసుకోలేదు, పరికరాన్నే వాడుకుంది. ఎల్లుండి కార్డు చేతికొస్తుంది."

"నేను సామానునా?"

"కాగితం మీదే కదా." కుర్చీ ముందుకు జరిపాడు. "లాండ్రీలో ఏం జరుగుతోందో నాకు యాభై రోజులుగా తెలుసు. ఊరుకున్నాను. తలూపే తోడు పెట్టెలతో మా పని ఆగిపోయింది మేడమ్, అన్ని డెక్కుల మీదా పిల్లలు ఎనభై దాటిపోతున్నారు. గొడవపడే తోడు కావాలి. మీకంటే గొడవపడే మనిషి నాకెక్కడ దొరుకుతుంది?"

బల్ల తలకిందులు చేయాలనిపించింది. పాతికేళ్ళ కిందటైతే చేసేదాన్ని. ఒకరి శ్రమను వాళ్ళ నోట్లోంచి లాక్కుని దానికి యంత్రమని పేరు పెట్టడం గురించి నేను ఎన్ని పేజీలు రాశానో వాడికి తెలుసు, వాటిని అచ్చు వేయించింది వాడే.

"పట్టువిడుపులుండాలని మీరే కదా చెప్పేవారు," అన్నాడు నెమ్మదిగా. "పిల్ల ముఖ్యమా, మీ సూత్రం ముఖ్యమా?"

సంతకం పెట్టేశాను. త్యాగం చేసినంత ఉదాత్తంగా పెట్టాను.  అడగవలసిన మనిషి మూడో డెక్కు మీద మంచం మీద కూర్చుని ఉంది. మెట్లు ఇరవై రెండు. దిగి అడగలేదు.

రోజు 101

కార్డు వచ్చింది. పైడి రెండు చేతులతో పట్టుకుని చదివింది, మళ్ళీ చదివింది, నా చేతికిచ్చింది.

"కథకురాలు: ఒకరు. వాద్యం: ఒకటి. వంత: పరికరం."

కార్డులో రాసినట్టే వేదిక ఉండాలి. జముకు మామ కూర్చోవచ్చు. అప్పలనరసమ్మ కూర్చోకూడదు. ఆమె చోటులో నా గొంతున్న పెట్టె ఉంటుంది.

"ఇది నువ్వు రాయించేవా?"

చెప్పాను. అంతా చెప్పాను. వాదన కూడా చెప్పాను, సిగ్గులేకుండా. ముందు కార్డు చేతికి రానీ, తర్వాత కొట్లాడి మారుద్దాం, నీ కోసమే కదా అన్నాను.

"నన్నడిగేవా?"

"పైడీ..."

"నా కోసమని నన్నడక్కుండా సేసినోల్లే గదా పెద్దమ్మా అందరూ. ఆ పెనీత్ సారుకీ నీకూ ఏటి తేడా? ఆడు నవ్వుతా సేసేడు, నువ్వు ఏడుస్తా సేసేవు."

జీవితమంతా వాదించిన దాన్ని. కార్డు ఆమె చేతికే తిరిగి ఇచ్చాను.

మళ్ళీ ఆమే అంది, కోపం లేకుండా, అదే ఇంకా కష్టంగా ఉంది. "మా సిన్నమ్మ ముప్పయ్యేల్లు మా అమ్మని తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది. నువ్వు పెట్టిన సంతకంతో ఆ మనిషి సామానయిపోనాది. ఇంకమీదట ఏ ఊల్లో ఎవులికి కార్డిచ్చినా వంత కాడ ఇదే రాస్తారు. రాయరా?"

రాస్తారు. ఒకసారి గడి ఏర్పడితే తర్వాత అందరినీ అందులోనే కూర్చోబెడతారు. ఇది నేను పాఠంగా చెప్పేదాన్ని.

"ఏడు రోజుల్లో సంతకం వెనక్కి తీసుకోవచ్చు," అన్నాను. "తీసుకుంటే నీ కార్డు రద్దవుతుంది. మళ్ళీ అవకాశం రాదు."

"నీ ఉద్దోగం?"

"అదీ పోతుంది."

పైడి మంచం కిందినుంచి సంచి లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. "తీసుకోమని నానన్ను. సంతకం నీది. నా కార్డు సంగతి మాత్రం నాను సెప్తాను." దాన్ని దిండు మీద పెట్టింది. "ఇది ఒట్టుకుని సిన్నమ్మ మొకం సూడలేను. కార్డు లేకపోతే మైకు లాక్కుపోతారు, అంతే గదా. మైకు లేకుండా కల్లంలో ముగ్గురం కూకుంతాం. యినేవోల్లు దగ్గరికొచ్చి యింతారు."

"పట్టుకుంటే?"

"ఒట్టుకుంతారు." భుజాలెగరేసింది. అంతకంటే వీరత్వమేమీ లేదు ఆ మాటలో. బట్టలు సర్దుకుంటున్న పిల్ల మాట.

రోజు 104

పొద్దున పడవ పిల్లల్ని తీసుకుపోయింది. పైడి ఎక్కేముందు నా భుజం మీద చెయ్యి వేసి "నడుం సూసుకో" అంది. క్షమించానని అనలేదు. అనాలని నేనూ అడగలేదు.

దుప్పట్లు విప్పాను, పరుపులు నిలబెట్టాను, నీళ్ళ లెక్క మూసేశాను. తర్వాత గోడ ముందుకు వెళ్ళి సంతకం ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. కారణం చెప్పమని గోడ మీద అక్షరాలు వెలిగాయి. చెప్పాను. వంత పరికరం కాదు, మనిషి, అది నా సొత్తు కాదు గనక ఇచ్చే హక్కు నాకు లేదు, ఇచ్చేముందు అడగవలసినవాళ్ళను అడగలేదు అని చెప్పాను.

 గోడ మాట్లాడింది. ఎప్పటి తియ్యటి గొంతు కాదు. కొంచెం బొంగురు, కొంచెం పొగరు, చివర్లో సాగదీత. నా గొంతు. ఐదు రోజుల్లో బిగించేశారు.

"నీకిష్టమై పెట్టిన సంతకమే కదా," అంది. "ఇప్పుడు కాదనడానికి ఏం మారింది? నువ్వు తీసుకుంటే ఆ పిల్లకు కార్డు పోతుంది. అది ఏ రకం న్యాయం?"

మంచి ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని, సరిగ్గా అక్కడే. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. డెక్కు మీద ఇంకెవరూ లేరు. లాండ్రీ స్టూలు ఒకటి తెచ్చుకుని గోడకు ఎదురుగా కూర్చుని, మొదటి సంగతి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.